జారే స్కేలుకి ఏ పట్టు మంచిది? బొంతలు, క్విల్టులు కుట్టేవాళ్ల కోసం

అమ్మ వెంకటగిరి చీర. కొంగు దగ్గర రెండు చోట్ల చిరుగు తప్ప మిగతాదంతా బాగానే ఉంది. దాన్ని రెండున్నర అంగుళాల పట్టీలుగా కోసి బొంత కుడదామని కూర్చున్నాను. మొదటి మూడు పట్టీలు చక్కగా వచ్చాయి. నాలుగోదానికి రోటరీ కట్టర్ (చక్రంలా దొర్లుతూ కోసే గుండ్రటి బ్లేడు) సగం దూరం వెళ్లేసరికి స్కేలు పై కొస కొద్దిగా పక్కకి తిరిగింది. తిరిగిందని నాకు తెలిసేలోపే బ్లేడు కూడా దాని వెంటే పోయింది. షాపులో కొన్న గుడ్డయితే ఇంకో అరమీటరు తెచ్చుకోవచ్చు. అమ్మ చీరకి ఆ వీలు లేదు.

మా నాయనమ్మకి ఈ బాధ ఉండేది కాదు. చీర అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి బర్రున చింపేది. నూలు గుడ్డ దారం వెంటే చిరుగుతుంది కాబట్టి అది స్కేలు పెట్టి కోసినదానికంటే తిన్నగా వచ్చేది. 1979లో ఓల్ఫా అనే జపాన్ కంపెనీ రోటరీ కట్టర్ తెచ్చాక, దాని పక్కన దళసరి అక్రిలిక్ స్కేలు పెట్టుకుని కోయడం మనకీ అలవాటైంది. పని వేగం పెరిగింది. స్కేలు జారడమూ మొదలైంది.

ఇంత చిన్న జారుడుకి ఇంత గొడవెందుకంటారా? రెండున్నర అంగుళాల పట్టీలు ఎనిమిది కలిపి కుడితే, రెండు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోగా, 16 అంగుళాల ముక్క రావాలి. ఒక్కో పట్టీ అంగుళంలో పదహారో వంతు పెరిగిందనుకోండి, ఎనిమిదింటికి అరంగుళం. పక్క ముక్కతో మూలలు కలవవు. ఎక్కడ తప్పు జరిగిందో తెలియక కుట్టుమిషన్‌ని తిట్టుకుంటాం.

ఆ చీర తర్వాత గడిచిన రెండేళ్లలో స్కేలు జారకుండా ఏమేం దొరుకుతాయో దాదాపు అన్నీ వాడి చూశాను. కొన్ని ఇక్కడే కొన్నాను, కొన్ని న్యూజెర్సీ నుంచి మా వదిన తెచ్చింది.

ముందు, జారుతున్నది ఏది?

స్కేలు జారుతోంది అని మనం ఒక్క మాటలో అనేస్తాం. అక్కడ ఒకదాని మీద ఒకటి కూర్చున్న జాగాలు నాలుగు ఉన్నాయి. బల్ల మీద మ్యాట్ (కోసేటప్పుడు గుడ్డ కింద పరిచే దళసరి షీటు), మ్యాట్ మీద గుడ్డ, గుడ్డ మీద గుడ్డ, దాని మీద స్కేలు. వీటిలో ఏది కదిలినా కోత వంకరే. స్కేలు అడుగున అంటించడానికి బజార్లో దొరికే బిళ్లలు, స్టిక్కర్లు అన్నీ చివరి జాగాకి మాత్రమే మందు. జార్జెట్ చీరని నాలుగు మడతలు పెట్టి కోస్తూ స్కేలుకి ఎన్ని బిళ్లలు అంటించినా లాభం లేదు, ఎందుకంటే అక్కడ పై మడత కింది మడత మీద జారుతోంది.

కోసిన పట్టీని విప్పి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఒక కొస వెడల్పుగా, ఇంకో కొస సన్నగా ఉంటే స్కేలు తిరిగింది. మధ్యలో మడత దగ్గర మోచెయ్యిలా వంగి ఉంటే స్కేలు తప్పు కాదు. మడతకి స్కేలు సరిగ్గా అడ్డంగా పెట్టలేదు, అంతే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ రెండో తప్పుకే బిళ్లలు కొంటారు. నేనూ కొన్నాను. పట్టీ మధ్యలో ఒకచోట మాత్రం చిన్న మెట్టు ఉంటే, మీరు అక్కడ ఆగి చెయ్యి మార్చుకున్నారని అర్థం. పై పొర పట్టీ సరిగ్గా ఉండి కింది పొరది తేడాగా ఉంటే, జారింది గుడ్డ మీద గుడ్డ.

మ్యాట్ సంగతి తేల్చుకోవడం ఇంకా తేలిక. మ్యాట్ మూల దగ్గర బల్ల మీద చిన్న టేపు ముక్క అంటించి నాలుగు కోతలు కోయండి. మూల టేపుని వదిలి పక్కకి వెళ్లిందా, అయితే స్కేలుకి ఖర్చు పెట్టకండి. వంటింటి డ్రాయర్లలో పరిచే రబ్బరు జల్లెడ మ్యాట్ ఒక ముక్క కింద వేస్తే చాలు. గ్రానైట్ బండ మీద, సన్‌మైకా బల్ల మీద కోసేవాళ్లకి ఎక్కువగా ఇదే ఇబ్బంది.

దేన్ని బట్టి ఎంచాలి

పట్టు ఎంత అన్నది ఒక్కటే చూస్తే పొరపాటు. బాగా పట్టేసే స్కేలుని గుడ్డ మీద పెట్టి, ఆ తర్వాత గీతకి సరిపోయేలా ఒక వెంట్రుకవాసి జరపాలంటే గుడ్డ కూడా దాంతో వచ్చేస్తుంది. కాబట్టి వదులుగా పెట్టినప్పుడు జరగాలి, నొక్కినప్పుడు పట్టాలి. మంచి సరుకంటే అదే.

రెండోది ఎత్తు. ఈ స్కేళ్లు సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటాయి. అడుగున దళసరి బిళ్లలు అంటిస్తే స్కేలు గుడ్డకి ఆనకుండా గాల్లో లేస్తుంది. అప్పుడు గీత ఒకచోట, గుడ్డ అంచు ఇంకోచోట కనిపిస్తాయి. తల కొంచెం పక్కకి వంచితే కొలత మారిపోతుంది. ఆ సందులోకి బ్లేడు దూరితే ఇంకా ప్రమాదం. మూడోది, గీతలు కనబడాలి. నాలుగోది, గుడ్డకి పీకులు రాకూడదు. పట్టుగుడ్డ, పలుచటి మల్లు, వదులు నేత ఉన్నవాళ్లు దీన్నే ముందు చూసుకోవాలి. ఖర్చు ఆఖరిది. స్కేలు, కట్టర్, మ్యాట్ ఇప్పటికే కొన్నాం కదా.

ఖర్చు లేనిది: చెయ్యి

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు స్కేలు మీద నెపం పెట్టేముందు చేతిని చూసుకోవాలి. నేను మొదటి ఏడాది అంతా అరచేతిని స్కేలు నడిమధ్యన బల్లపరుపుగా ఆనించి గట్టిగా నొక్కేదాన్ని. 24 అంగుళాల స్కేలుని ఒక్కచోట నొక్కితే అది గడియారం ముల్లులా ఆ చోటు చుట్టూ తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. కట్టర్ మధ్యలో ఉన్నంతసేపు ఏమీ కాదు. కొసకి వెళ్లేకొద్దీ పక్కనుంచి ఏ కాస్త తోసినా తిరుగుతుంది. నా నాలుగో పట్టీకి జరిగింది ఇదే.

వేళ్లని గుడారం వేసినట్టు విడదీసి మొనలతో నొక్కాలి. చిటికెనవేలు మాత్రం స్కేలు అవతలి అంచు దిగి, గుడ్డ మీదో మ్యాట్ మీదో ఆనాలి. ఆ ఒక్క వేలు స్కేలుకి గోడలా నిలబడుతుంది. కట్టర్ ఏడెనిమిది అంగుళాలు వెళ్లాక ఆపండి, కానీ బ్లేడుని గుడ్డలోంచి తీయకండి. అది అక్కడే ఉండగా, చేతిని గొంగళిపురుగు పాకినట్టు వేళ్లు ముందుకి, తర్వాత బొటనవేలు, అలా పైకి జరిపి మళ్లీ కోయండి. చీర పన్నా సుమారు 45 అంగుళాలు, మధ్యకి మడిస్తే స్కేలు పొడవంతా పట్టేస్తుంది. ఒక్క దమ్ములో కోసేద్దామనుకుంటే చెయ్యి ఒకచోట, కట్టర్ ఇంకోచోట అయిపోతాయి.

ఇంకో రెండు మాటలు. కట్టర్‌ని కిందికి నొక్కాలి, స్కేలు వైపుకి కాదు. ఆనీ ఆననట్టు స్కేలు పక్కన దొర్లితే చాలు. ఇక, బ్లేడు మొద్దుబారితే మనకి తెలియకుండానే బలం పెంచుతాం, ఆ బలమే స్కేలుని తోస్తుంది. మధ్యమధ్యలో ఒకటీ అరా దారాలు తెగకుండా మిగులుతున్నాయంటే కొత్త బ్లేడు వేసే టైమ్ వచ్చినట్టే. జరీ అంచులు బ్లేడుని తొందరగా పాడుచేస్తాయి. అందుకని నేను పాత బ్లేడు ఒకటి జరీకే కేటాయించాను.

నేల మీద కూర్చుని కోసేవాళ్లకి చెయ్యి ఏటవాలుగా పడుతుంది, అంటే నొక్కే బలంలో కొంత పక్కకే పోతుంది. మోకాళ్ల మీద లేచి పైనుంచి నొక్కితే తేడా వెంటనే తెలుస్తుంది. నిలబడి కోసేవాళ్లకి డైనింగ్ టేబుల్ కంటే వంటింటి గట్టు నయం. నడుము కూడా నొప్పెట్టదు.

అడుగున అతికించేవి

నా ఓటు మొదట మెడికల్ షాపుకి. కట్టు కట్టడానికి వాడే సర్జికల్ టేపుల్లో ప్లాస్టిక్‌లా పారదర్శకంగా, చిన్నచిన్న రంధ్రాలతో ఉండే రకం ఒకటి ఉంటుంది. ట్రాన్స్‌పోర్ అంటే చాలా చోట్ల తెలుస్తుంది. తెల్ల కాగితం రకం తీసుకోకండి, గీతలు కనబడవు. స్కేలు అడుగున రెండు పొడవు అంచులకీ అరంగుళం లోపలగా ఒక్కో పట్టీ, అడ్డంగా రెండు కొసల్లో ఒక్కో పట్టీ అంటిస్తే పని అయిపోతుంది. చాలా పలచగా ఉంటుంది కాబట్టి స్కేలు లేవదు. దాని గరుకు నూలు గుడ్డని పట్టుకుంటుంది, పట్టుగుడ్డని పీకదు. వదులుగా ఉన్నప్పుడు జరుగుతుంది కూడా. లోపమేమిటంటే కొన్ని నెలలకి అంచులు లేచి నూగు పేరుకుని బూడిదరంగు గీతలా తయారవుతుంది. అప్పుడు పీకేసి కొత్తది వేయడమే.

ఉప్పుకాగితం బిళ్లలు చాలామంది మొదట కొనేవి. గుండ్రంగా, వెనక జిగురుతో వస్తాయి. మా అత్తగారు చూసి, "స్కేలుకి కూడా బొట్లు పెట్టావేమే?" అన్నారు. పట్టు మాత్రం గట్టిదే, దళసరి నూలుకీ, జీన్స్ గుడ్డకీ, ఖద్దరుకీ వీటిని మించినవి లేవు. మంగళగిరి నూలు మీద కూడా బాగా పనిచేశాయి. పట్టుచీర మీద మాత్రం పొరపాటున కూడా వద్దు. జరిపిన ప్రతిసారీ ఒక పోగు లేస్తుంది. ఇంట్లో మిగిలిన ఉప్పుకాగితాన్ని కత్తిరించి డబుల్ సైడ్ టేపుతో అంటించుకోవచ్చుగానీ, రెండూ కలిపి ఎత్తు పెరుగుతుంది. డబ్బు మిగిలినా కొలత తప్పుతుంది.

సిలికాన్ బిళ్లలు, రింగులు పారదర్శకంగా ఉంటాయి, గుడ్డకి హాని చేయవు. వీటిలో పలచనివీ ఉన్నాయి, దళసరివీ ఉన్నాయి. అలమర తలుపులకి శబ్దం రాకుండా అంటించే బుడిపెల్లాంటివి కొంటే స్కేలు నాలుగు కాళ్ల పీటలా నిలబడుతుంది. పలచటి రింగులే తీసుకోండి. ఎన్ని అంటించినా మూలలు నాలుగూ, పొడవు అంచుల మధ్యన ఒక్కోటీ తప్పకుండా ఉండాలి. మధ్యలో మాత్రమే అంటిస్తే స్కేలు తూగుటుయ్యాల అవుతుంది. కొత్తలో బాగా పట్టేస్తాయి, దుమ్ము చేరాక పట్టు తగ్గుతుంది, తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ వస్తుంది.

పారదర్శకమైన షీటు రూపంలో వచ్చేవి ఇంకో రకం. ఇన్విజిగ్రిప్ అలాంటిదే. స్కేలుకంటే కొంచెం చిన్నగా కత్తిరించి అడుగున పరిస్తే అంటుకుంటుంది. అడుగంతా ఒకే ఎత్తు కాబట్టి స్కేలు తూగదు, గీతలు కనబడతాయి. నాకు దీంతో ఒకటే తగాదా. నూగు, దారపు ముక్కలు అన్నీ దానికే అంటుకుంటాయి. మన ఊళ్లో అంత తేలిగ్గా దొరకదు, ఎవరైనా అమెరికా నుంచి వస్తుంటే చెప్పి పెట్టాల్సిందే.

ఇంకో రెండు ప్రయోగాలు చేశాను, మీరు చేయకండి. సైకిల్ ట్యూబు ముక్కలు అంటిస్తే తెల్ల గుడ్డ మీద నల్ల మరకలు పడ్డాయి. వెల్వెట్ బొట్టుబిళ్లలు అంటిస్తే స్కేలు మునుపటికంటే బాగా జారింది.

పట్టుతో పుట్టిన స్కేళ్లు

క్రియేటివ్ గ్రిడ్స్ స్కేళ్లకి అడుగున గరుకు రింగులు తయారీలోనే ఉంటాయి. క్విల్టర్స్ సెలెక్ట్ స్కేళ్లకి అడుగంతా పలచటి పూత ఉంటుంది. రెండూ వదులుగా పెడితే జరుగుతాయి, నొక్కితే పట్టుకుంటాయి. ఇప్పటికే మామూలు స్కేలు ఉన్నవాళ్లు కేవలం దీనికోసం ఇంకోటి కొనాలా అంటే, అక్కర్లేదు అంటాను. టేపుతో దాదాపు అదే పని అవుతుంది. ఇంకా ఏమీ కొనని వాళ్ల లెక్క వేరు. కొనేదేదో అలాంటిదే కొనుక్కుంటే బిళ్లల గోల ఉండదు. పైగా మొదట కొనే స్కేలునే పదేళ్లు వాడతాం. ఆరు అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవున్నది ఒకటి, చిన్న కోతలకి 12 అంగుళాలది ఒకటి ఉంటే చాలు. నిజానికి చిన్న స్కేలు చాలా తక్కువ జారుతుంది. పది అంగుళాల ముక్క కోయడానికి 24 అంగుళాల స్కేలు తీయడం మనం కొని తెచ్చుకునే టెన్షన్.

పిడి, బరువు, క్లాంపు

అద్దాలు మోసేవాళ్లు వాడే గాలి పిడిలాంటిది స్కేళ్లకీ వస్తుంది. రెండు రబ్బరు గిన్నెలు స్కేలుకి అతుక్కుని మధ్యలో పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది. వీటన్నిటిలో ఎక్కువ ఖర్చయ్యేవాటిలో ఇదొకటి. ఎక్కువమంది పొరబడేదీ దీని దగ్గరే. పిడి గుడ్డ మీద జారుడుని ఆపదు. అడుగు నున్నగానే ఉంటుంది కదా. అది మీ వేళ్లని బ్లేడుకి దూరంగా పెడుతుంది, బలాన్ని కాస్త పొడవునా పంచుతుంది, అంతే. ఒకసారి నా చూపుడువేలి మొన స్కేలు దాటి బయటికి ఉన్న సంగతి బ్లేడు చెప్పేదాకా నాకు తెలియలేదు. అలాంటి అనుభవం ఉన్నవాళ్లకీ, వేళ్ల కీళ్ల నొప్పులతో గుడారం వేయలేనివాళ్లకీ పిడి తప్పకుండా పనికొస్తుంది. అయితే అడుగున టేపు కూడా వేసుకోవాలి. వేళ్ల భయం ఒక్కటే అయితే, బ్లేడుకి తేలిగ్గా తెగని చేతి తొడుగు ఎడమచేతికి వేసుకోవడం ఇంకా చవక.

బరువులకి ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. అవతలి కొసన చల్లారిన ఇస్త్రీ పెట్టో, పాత కిలో తూకపు రాయో పెట్టండి. స్కేలు తిరగడం చాలావరకు ఆగుతుంది. ప్రతి కోతకీ ఎత్తి పెట్టాలి కాబట్టి రెండు మూడు పొడవు కోతలకి బాగుంటుంది, అరవై పట్టీలకి చెయ్యి పడిపోతుంది. స్కేలుని బల్లకి బిగించే హార్డ్‌వేర్ షాపు క్లాంపుల సంగతీ అంతే, బల్ల అంచు దగ్గర అయితేనే కుదురుతాయి.

| పద్ధతి | పట్టు | జరపడం | ఎత్తు | పట్టుగుడ్డకి | ఖర్చు |
|---|---|---|---|---|---|
| చెయ్యి, చిటికెనవేలు | మధ్యస్థం | తేలిక | లేదు | భయం లేదు | లేదు |
| పారదర్శక సర్జికల్ టేపు | బాగు | తేలిక | లేనట్టే | భయం లేదు | చాలా తక్కువ |
| ఉప్పుకాగితం బిళ్లలు | చాలా గట్టి | కష్టం | కొంచెం | వద్దు | తక్కువ |
| సిలికాన్ రింగులు | బాగు | మధ్యస్థం | రకాన్ని బట్టి | భయం లేదు | తక్కువ |
| పారదర్శక షీటు | బాగు | మధ్యస్థం | లేనట్టే | భయం లేదు | మధ్యస్థం |
| పట్టుతో వచ్చే స్కేలు | బాగు | తేలిక | లేనట్టే | భయం లేదు | ఎక్కువ |
| గాలి పిడి | విడిగా తక్కువ | మధ్యస్థం | లేదు | భయం లేదు | ఎక్కువ |
| బరువు, క్లాంపు | కొసన బాగు | కష్టం | లేదు | జాగ్రత్తగా | లేదు |

ఎవరికి ఏది

పాత నూలు చీరలతో బొంత కుట్టేవాళ్లు ముందు గంజి సంగతి చూడండి. ఇరవై ఏళ్లు ఉతికిన చీర మెత్తగా దూదిలా ఉంటుంది, స్కేలు నొక్కితే గుడ్డే కింద నలుగుతుంది. పలచటి గంజి పెట్టి, ఆరాక కొంచెం తడి చల్లి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడుతుంది. దానిమీద టేపు వేసిన స్కేలు కదలమన్నా కదలదు. కోసిన పట్టీల్ని వెంటనే కుట్టేయండి, గంజి గుడ్డని నెలల తరబడి పెట్టెలో పెడితే పురుగు పడుతుంది. పట్టీలు మరీ లెక్క ప్రకారం అక్కర్లేదనుకుంటే నాయనమ్మ పద్ధతిలో చింపేయడం ఇప్పటికీ మంచిదే. రెండు వైపులా నాలుగు పోగులు ఊడతాయని కొంచెం వెడల్పు ఎక్కువ తీసుకోండి.

పట్టు, జార్జెట్, సింథటిక్ చీరలకి స్కేలు కంటే గుడ్డే అసలు సమస్య. టైలర్లు వాడే పలచటి ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి గుడ్డకి అతుక్కునే పొర) వెనక అంటించి ఇస్త్రీ చేస్తే పట్టు కూడా నూలులా మాట వింటుంది. ఒక్క పొరే కోయండి, ఓపిక లేకపోతే రెండు. స్కేలు అడుగున టేపో, పలచటి సిలికాన్ రింగులో. మామూలు నూలైతే 45 మిల్లీమీటర్ల కట్టర్‌తో నాలుగు పొరలు హాయిగా కోయవచ్చు, ఆరు కోయాలని ఆశపడితే కింది రెండు మీ చేతిలో ఉండవు.

ఆర్డర్ల మీద కుట్టేవాళ్లు, రోజూ వందల ముక్కలు కోసేవాళ్లు పట్టుతో వచ్చే స్కేలు కొనుక్కోవడమే లాభం. టేపు మార్చుకుంటూ కూర్చునే తీరిక ఉండదు. పెద్దవాళ్లయితే, చేతిలో బలం తగ్గినవాళ్లయితే పిడి, టేపు రెండూ. ఇంట్లో పిల్లలు నేర్చుకుంటున్నారంటే 12 అంగుళాల స్కేలు, చేతికి తొడుగు, ప్రతి కోత తర్వాతా బ్లేడు మూసే అలవాటు. ఆఖరిది మాత్రం మనకీ వర్తిస్తుంది.

కొత్త టేపు వేసేముందు పాత జిగురు తీయాలి. రెండు చుక్కల కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగి మెత్తటి గుడ్డతో రుద్దితే వచ్చేస్తుంది, తర్వాత సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టండి. జిడ్డు మిగిలితే కొత్త టేపు నిలవదు, చీర మీద నూనె మరక కూడా పడుతుంది. గోళ్లరంగు తీసే ద్రావణం, పెయింటు థిన్నర్ జోలికి పోకండి, అక్రిలిక్ మసకబారి పగుళ్లు వస్తాయి. నా మొదటి స్కేలు ఒక మూల అలాగే తెల్లబడింది. ఇరవై రెండో అంగుళం దాటాక ఇప్పటికీ అంచనా మీదే కోస్తున్నాను.